ఎలుగుబంటికి సంతకం చాలదు, ఉత్తరం కావాలి

అక్టోబరు దగ్గర పడుతోందంటే న్యూజెర్సీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ఎలుగుబంటి వచ్చేస్తుంది. ముందు ఎవరి పెరటి కెమెరాలోనో పడ్డ వీడియో. దాని వెనకే ఓ పిటిషన్ లింకు: వేట ఆపించండి, సంతకం పెట్టండి, పదిమందికి పంపండి. పంపుతారు, సంతకాలూ పడతాయి. అక్టోబరు వేట, డిసెంబరు వేట మామూలుగా జరిగిపోతాయి.

వేట వద్దనేవాళ్లతో నాకు పేచీ లేదు. తలను గోడకు తగిలించుకోవడానికో తోలును నేల మీద పరుచుకోవడానికో నల్ల ఎలుగును చంపడం తప్పనే నేనూ అంటాను. నా పేచీ ఆ లింకుతోనే. ఆన్‌లైన్ పిటిషన్‌ని చదివి జవాబు చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా లేదు. ప్రతి అభ్యంతరానికీ అచ్చులో జవాబు ఇచ్చి తీరాల్సిన చోటు వేరే ఉంది. మన కోపం అక్కడి దాకా వెళ్లడం లేదు. వెళ్లినా చాలాసార్లు ఒకే మూసలో పోసిన ఉత్తరంగా వెళ్తోంది.

పదకొండు కుర్చీలు

న్యూజెర్సీలో ఏ జంతువును ఎప్పుడు, ఎలా వేటాడాలో నిర్ణయించేది ఫిష్ అండ్ గేమ్ కౌన్సిల్. అందులో ఎవరుండాలో చట్టంలోనే రాసి ఉంది. మొత్తం 11 మంది. ముగ్గురు రైతులు. ఆరుగురు వేట, చేపల క్లబ్బుల సమాఖ్య సిఫార్సు మీద వచ్చేవాళ్లు. ఒకరు అంతరించిపోయే జీవుల సలహా సంఘానికి అధ్యక్షులు. మిగిలిన ఒక్క కుర్చీ మామూలు జనం తరఫున, అదీ భూ వినియోగం, నేల సంరక్షణ తెలిసిన మనిషికే. ఈ సభను కన్నీళ్లతో కరిగించాలనుకోవడం పెళ్లికొడుకు తరఫువాళ్లనే మధ్యవర్తులుగా కూర్చోబెట్టి కట్నం తగ్గించమనడం లాంటిది.

డబ్బు దారి కూడా అటే పోతుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతుంది. పంపకానికి సగం కొలత రాష్ట్రం విస్తీర్ణమైతే, మిగతా సగం డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న వేటగాళ్ల సంఖ్య. వేట తగ్గితే శాఖ జీతాలకే గండి. దీన్ని కుట్ర అనక్కర్లేదు, ఏర్పాటే అలాంటిది. వేటే నేరమైన దేశం నుంచి వచ్చిన మనకు ఇది ఎక్కడానికి కొంచెం టైమ్ పడుతుంది.

పైగా న్యూజెర్సీలో జనం సంతకాలు సేకరించి ఒక చట్టాన్ని నేరుగా రాష్ట్ర బ్యాలెట్ మీదకు ఎక్కించే వీలు లేదు. కొలరాడోలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న ఆ మెట్టు ఇక్కడ లేదు. మరి ఇక్కడ వేట ఆగిన సంవత్సరాల్లో ఎలా ఆగింది?

మూడు దశాబ్దాల విరామం తర్వాత 2003లో న్యూజెర్సీ ఎలుగుల వేట మళ్లీ తెరిచింది. 2004లో పర్యావరణ శాఖ కమిషనర్ ఒప్పుకోకపోవడంతో ఆగింది. ఆ గొడవ రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. కమిషనర్ ఆమోదించిన సమగ్ర విధానం లేకుండా కౌన్సిల్ తనంతట తాను వేట పెట్టలేదని 2005 తీర్పులో తేలింది. విధానం రాశారు, ఆ డిసెంబరులో వేట జరిగింది. 2007లో అప్పీలు కోర్టు ఇంకో ముడి బిగించింది: ఆ విధానం కూడా ఒక నియమమే, కాబట్టి ప్రజలకు ముందుగా ప్రకటించి, అభిప్రాయాలు తీసుకుని చేసి ఉండాల్సింది, చేయలేదు కాబట్టి చెల్లదు అంది. 2006 నుంచి 2009 దాకా అక్కడ ఎలుగు వేట లేదు. 2021లోనూ లేదు, ఆ ఏడు విధానం గడువు తీరింది, కొత్తది రాలేదు.

ఈ మూడు సందర్భాల్లోనూ ఎలుగు మీద ప్రేమ గురించి ఒక్క మాట అవసరపడలేదు. పట్టు దొరికింది పద్ధతి దగ్గర. దొరికాక అది భల్లూకపు పట్టే.

అవతలివాళ్లకూ ఈ సంగతి తెలుసు. ఎలుగు వేట ఆపుతానని ఎన్నికల్లో చెప్పిన అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ, 2018లో ప్రభుత్వ భూముల వరకు ఆపారు. 2022 నవంబరులో వెనక్కి తిరిగారు. ఆ ఏడాది జనవరి నుంచి అక్టోబరు దాకా ఎలుగుల మీద ఫిర్యాదులు అంతకు ముందు ఏడుకంటే 237 శాతం పెరిగాయన్నది ప్రభుత్వం చూపిన కారణం. కౌన్సిల్ వేటను అత్యవసర నియమంగా తెచ్చింది. అత్యవసరం అంటే ముందస్తు ప్రకటన, అభిప్రాయాల గడువు రెండూ ఎగిరిపోతాయి. వ్యతిరేకులు కోర్టుకు వెళ్తే తాత్కాలికంగా ఆగింది, కొద్ది రోజుల్లోనే స్టే ఎత్తేశారు, డిసెంబరు 7న వేట మొదలైంది.

237 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. అది ఎలుగుల లెక్క కాదు, ఫోన్ల లెక్క. ఎలుగు చెత్తబుట్ట దొర్లించినా ఒక ఫోనే, పక్షుల గింజల డబ్బా లాగేసినా ఒక ఫోనే. ఒకే ఎలుగు ఒకే వీధిలో నాలుగిళ్లు తిరిగితే నాలుగు ఫోన్లు. అడవిలో ఓక్ కాయలు సరిగా కాయని ఏడాది ఫోన్లు పెరుగుతాయి, ఎలుగులు ఒక్కటీ పెరగకపోయినా. పర్యావరణ శాఖకు రాసే ఉత్తరంలో ఉండాల్సింది ఇలాంటి ప్రశ్న.

జవాబివ్వక తప్పని ఉత్తరం

రాష్ట్రం ఒక నియమాన్ని ప్రతిపాదించినప్పుడు న్యూజెర్సీ రిజిస్టర్ అనే రాష్ట్ర గెజిట్‌లో అచ్చువేస్తుంది. అభిప్రాయాలకు కనీసం 30 రోజులు, చాలాసార్లు 60 రోజుల గడువు ఉంటుంది. నియమం ఖరారు చేసేటప్పుడు వచ్చిన అభ్యంతరాలను, ఒక్కోదానికి శాఖ ఇచ్చిన జవాబును కలిపి మళ్లీ అచ్చువేయాలి. తర్వాత ఎవరైనా కోర్టుకు వెళ్తే న్యాయమూర్తి ముందుండేది ఈ కాగితాల కట్టే. అందులో లేని వాదన అప్పటికప్పుడు పుట్టుకొస్తే దానికి బలం ఉండదు.

ఒకే మాటలున్న ఉత్తరాలు 5,000 వచ్చినా శాఖ వాటిని ఒక్క అభ్యంతరంగా కుదించి, కింద పేర్లు వరసగా ఇచ్చి, ఒక్క పేరా జవాబుతో సరిపెట్టగలదు. చట్టానికి అది చాలు. వేర్వేరు ప్రశ్నలున్న యాభై ఉత్తరాలు వస్తే యాభై జవాబులు రాయాలి. ఏదో ఒక జవాబు పలచబడుతుంది. లాయర్లు వెతికేది ఆ పలచబడ్డ చోటునే.

అందుకని ఉత్తరం ఎలా ఉండాలంటే: మొదటి వరసలో ప్రతిపాదన నంబరు, నియమం నంబరు (వేట నియమాలు రాష్ట్ర నియమావళిలో, అంటే ఎన్.జె.ఏ.సి.లో, 7:25-5 కింద ఉంటాయి). తర్వాత మీ పేరు, ఊరు. ఒక ఉత్తరంలో ఒకే అంశం. మూడు విషయాలు చెప్పాలనిపిస్తే మూడు ఉత్తరాలు. ఎవరో రాసిన వార్తకంటే శాఖ సొంత నివేదికలోని పట్టికను పేజీ నంబరుతో సహా చూపించండి, తన లెక్క తప్పని శాఖ అనలేదు. చివర్లో ఏ వాక్యం తీసేసి ఏ వాక్యం పెట్టాలో మాటకు మాట రాయండి. "దయచేసి ఆలోచించండి" అని ముగిస్తే శాఖ ఆలోచించానంటుంది, ఉత్తరం అక్కడితో సరి. ఒకటి రెండు పేజీలు దాటొద్దు. గడువు తేదీ రాత్రి వెబ్‌సైటు మొరాయిస్తుంది, రెండు రోజుల ముందే పంపి రసీదు ఈమెయిల్ దాచుకోండి.

అంశాలకు కొదవ లేదు. 2022 నుంచి ఉన్న నియమం ప్రకారం 75 పౌండ్లలోపు పిల్లల్ని, అలాంటి పిల్లలు వెంట ఉన్న పెద్దవాటిని చంపకూడదు. బాగానే ఉంది. కానీ ఎలుగు పిల్లలు జనవరి, ఫిబ్రవరుల్లో పుట్టి ఏడాదిన్నర దాకా తల్లి వెంటే ఉంటాయి. తిండి పుష్కలంగా దొరికిన పిల్ల డిసెంబరుకి ఆ బరువు దాటే అవకాశం ఉంది. పొదల చాటున ఉన్న పిల్ల బరువును వేటగాడు కంటితో ఎలా తూస్తాడు? పిల్ల పొదలో ఉండి తల్లి ఒక్కటే కనిపిస్తే? ఇంకోటి ఎర. ఇంటి దగ్గర ఎలుగుకు తిండి పెడితే, తెలిసినా తెలియకపోయినా, న్యూజెర్సీలో 1,000 డాలర్ల దాకా జరిమానా. అడవిలో వేటగాడు పోసే తిండి కుప్పకు మాత్రం పూర్తి నిషేధం లేదు, దానికి ఎంత దూరంలో కాల్చాలన్న హద్దే ఉంది. ఒకే జంతువుకు రాష్ట్రం రెండు పాఠాలు నేర్పుతోంది. దీనికి శాఖ చేత సూటి జవాబు రాయించాలి.

వీసా మీద ఉన్నవాళ్లు తరచూ అనుకునేదొకటి: ఓటు లేనివాళ్లం, మన మాట ఎవరు వింటారు? నియమాల మీద అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అడగరు. హెచ్-1బి అయినా, గ్రీన్ కార్డు అయినా, విద్యార్థి అయినా రాయచ్చు, విచారణలో మాట్లాడచ్చు, ఎమ్మెల్యే లాంటి అసెంబ్లీ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేయచ్చు. చేయకూడనివి వేరే ఉన్నాయి. బ్యాలెట్ మీదకు ఎక్కించే పిటిషన్లున్న రాష్ట్రాల్లో, మాల్ దగ్గర క్లిప్‌బోర్డు పట్టుకుని అడిగితే సంతకం పెట్టొద్దు. అది ఓటరుగా నమోదైనవాళ్లు మాత్రమే పెట్టేది, మొహమాటానికి పెట్టిన సంతకం రేపు ఇమిగ్రేషన్ ఫైలులో తలనొప్పి కావచ్చు. గ్రీన్ కార్డు లేనివాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు. ఉత్తరానికి ఈ బెడద ఏదీ లేదు.

'ట్రోఫీ' అనే మాటతో చిక్కు

చెప్పాలంటే ఈ మాటను నేను కూడా మొదట్లో వాడబోయి మానేశాను. మనసుకు తగిలే మాటే, నియమంలో మాత్రం నిలబడదు. చాలా రాష్ట్రాల్లో చంపిన ఎలుగు మాంసాన్ని వదిలేయకూడదన్న రూలు ఉంది. తోలు గోడకెళ్లినా మాంసం ఫ్రీజరుకెళ్తే అది ట్రోఫీయా, కూరా? వేటగాడి మనసులో ఏముందో ఏ ఇన్‌స్పెక్టరూ తనిఖీ చేయలేడు.

కొలరాడో ఈ తేడాకు రెండు వైపులా చూపిస్తుంది. 1992లో అక్కడి ఓటర్ల ముందుకు వచ్చిన ప్రశ్న మూడు పద్ధతుల గురించి: పిల్లలు పాలు తాగే వసంతకాలంలో వేట, ఎర పెట్టి వేట, కుక్కలతో తరిమి వేట. 70 శాతం మంది మూడూ వద్దన్నారు. 2024లో అదే రాష్ట్రంలో కొండ సింహాల 'ట్రోఫీ వేట' నిషేధం అని ప్రశ్న పెడితే ఓడిపోయింది. మాంసం తినాలని చట్టంలో ఇప్పటికే ఉంది కదా, ఇంక ట్రోఫీ ఎక్కడ అన్న వాదన అవతలి వైపు తయారుగా ఉంది. జంతువు వేరు, కాలం వేరు, ఒక్క మాటే ఓడించిందని నేననను. కానీ ఆ మాట అవతలివాళ్లకు సిద్ధంగా దొరికిన జవాబు.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది, దాచను. మెయిన్ రాష్ట్రంలో 2004లో, మళ్లీ 2014లో ప్రశ్న పెట్టింది పద్ధతుల మీదే: ఎర, కుక్కలు, ఉచ్చులు. రెండుసార్లూ ఓడింది. అక్కడ చంపే ఎలుగుల్లో ఎక్కువ భాగం ఎర దగ్గరే. గైడ్లు, క్యాంపుల వ్యాపారం దాని మీదే బతుకుతోంది. 2014లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఉద్యోగులే టీవీ ప్రకటనల్లో కనిపించి వద్దని చెప్పారు. ఎర వైపు వాదనలో కొంత నిజం కూడా ఉంది: తిండి దగ్గర నిలబడ్డ ఎలుగును తీరిగ్గా చూసి, ఆడదో మగదో, పిల్లలున్నాయో లేవో గమనించే వీలుంటుంది. అడవిలో అప్పటికప్పుడు ఎదురుపడితే ఆ తీరిక ఉండదు.

ఇంకో అసౌకర్యమైన సంగతి. కొలరాడోలో 1992 తర్వాత చంపే ఎలుగుల సంఖ్య పడిపోలేదు, లైసెన్సులు పెరిగి లెక్క మళ్లీ పైకే పోయింది. పద్ధతుల నిషేధం ప్రాణాల మొత్తాన్ని కాపాడదు. కాపాడేది ఏప్రిల్‌లో గుహలో తల్లి కోసం చూస్తుండే పిల్లల్ని. నా మటుకు నాకు అది చిన్న గెలుపు కాదు. వాషింగ్టన్‌లో వసంత వేట ఆగడానికి బ్యాలెట్ కూడా అవసరం లేకపోయింది. 2021 నవంబరులో అక్కడి వన్యప్రాణి కమిషన్ ఓట్లు 4-4గా చీలడంతో ఆ సీజన్ నిలిచింది, ఏడాది తర్వాత 5-4తో సరదా వసంత వేటకు తెర దించారు. ఒక్క ఓటు. ఆ కమిషనర్లు గవర్నర్ నియమించేవాళ్లు, సెనేట్ ఖరారు చేసేవాళ్లు. నియామకాల సమయంలో ఎవరూ పట్టించుకోరు, అప్పుడు రాసిన ఉత్తరం విలువ ఎక్కువ.

అడివి పక్క ఊళ్ల మాట

ససెక్స్ కౌంటీలో, వెస్ట్ మిల్‌ఫర్డ్‌లో ఉండేవాళ్లు అనే మాట ఒకటుంది: ఎడిసన్ అపార్టుమెంటులో కూర్చుని మా పెరట్లో ఎలుగు మీద జాలి పడటం తేలిక. కాదనలేం. 2014 సెప్టెంబరులో వెస్ట్ మిల్‌ఫర్డ్ అడవిలో నడకకు వెళ్లిన కుర్రాణ్ణి, రట్గర్స్ యూనివర్సిటీలో చదివేవాణ్ణి, ఎలుగు చంపింది, రాష్ట్రంలో నమోదైన మొదటి మరణం అది. ఫ్లోరిడాలో అలాంటి మొదటి మరణం 2025 మేలో. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటకు పొద్దున్నే వెళ్లాలంటే భయపడే మనిషి ముందు ఎలుగు హక్కుల గురించి ఎలా మాట్లాడతామో, ఇక్కడా అలాగే ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. అక్కడిది వేరే జాతి, ఇంకా కోపిష్టి. అక్కడ కూడా మనిషికి ముప్పయిన ఎలుగు విషయంలో చట్టం దారి చూపిస్తుంది. అది వేట సీజన్ కాదు, ఆ ఒక్క జంతువు గురించి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ తీసుకునే నిర్ణయం.

అసలు ప్రశ్న, సీజన్ పెట్టి చంపితే గొడవలు తగ్గుతాయా అన్నది. కెనడాలోని ఒంటారియో దీనికి మంచి ప్రయోగశాల: 1999లో వసంత వేట ఆపింది, 2014 నుంచి కొన్ని చోట్ల మళ్లీ తెరిచింది. తెరిచిన చోట మనుషులకూ ఎలుగులకూ గొడవలు తగ్గలేదని 2023లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ముందరి పరిశోధనలో కూడా గొడవలకు లంకె కుదిరింది అడవి పండ్లు, కాయల దిగుబడితో. అయితే న్యూజెర్సీ లెక్కల మీదే 2017లో వచ్చిన అధ్యయనం, వేట, తుంటరి ఎలుగుల మీద వెంటనే చర్య, రెండూ కలిస్తే గొడవలు తగ్గాయంది. శాఖ చేతిలో ఉన్న గట్టి కాగితం అది. దాన్ని చూడనట్టు నటించే ఉత్తరం బలహీనం. రెండిట్లో వేట వాటా ఎంత, తక్షణ చర్య వాటా ఎంత, రెండోది ఒక్కటే చేస్తే ఎంత తగ్గేది అని అడిగే ఉత్తరానికి బరువుంటుంది.

అయిదు డాలర్ల లాటరీ

ఫ్లోరిడా కథ వేరే దారి. 2015లో ఇరవై ఏళ్లకు పైగా విరామం తర్వాత వేట పెట్టి, 3,700కు పైగా పర్మిట్లు అమ్మి, రెండు రోజుల్లో 304 ఎలుగులు పడేసరికి సీజన్ మూసేశారు. పడ్డవాటిలో సగానికి పైగా ఆడవి, వాటిలో ముప్పైకి మించి పాలిచ్చే తల్లులు. దెబ్బకు దశాబ్దం ఊరుకున్నారు. 2024లో వేట, చేపల పట్టు హక్కు మీద రాష్ట్ర రాజ్యాంగ సవరణ నెగ్గింది. 2025 ఆగస్టులో అక్కడి వన్యప్రాణి కమిషన్ మళ్లీ వేటకు ఏకగ్రీవంగా సరే అంది, ఆన్‌లైన్‌లో వచ్చిన అభిప్రాయాల్లో నాలుగింట మూడొంతులు వ్యతిరేకమైనా. ఈసారి పర్మిట్లు రెండు వందల లోపు, లాటరీ ద్వారా, ఒక్కో దరఖాస్తు 5 డాలర్లు, ఎన్నయినా వేసుకోవచ్చన్నారు.

వ్యతిరేకులకు ఉపాయం తోచింది: మనమే దరఖాస్తులు వేసి పర్మిట్లు గెలిచి, వాడకుండా ఉంచేద్దాం. వేశారు. మొత్తం దరఖాస్తులు 1,60,000 దాటాయి. పర్మిట్లలో కొన్ని డజన్లు వ్యతిరేకుల చేతికొచ్చాయి. వచ్చినవాళ్లు స్థానికులైతే ఇంకో 100 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకుని బీరువాలో పెట్టారు. పర్మిట్ వేరేవాళ్లకు బదిలీ కాదు, కాబట్టి ఒక్కో పర్మిట్‌కు ఒక ఎలుగు లెక్కన మిగిలినట్టే.

చూడటానికి ముచ్చటగానే ఉంది. అయితే లెక్క వేయండి: 1,60,000 దరఖాస్తులు, ఒక్కోటి 5 డాలర్లు, అంటే 8 లక్షల డాలర్లు. ఆ సొమ్ము వెళ్లింది వేట పెట్టిన శాఖకే. లైసెన్సు కూడా కొన్నవాళ్లు పిట్‌మన్-రాబర్ట్‌సన్ పట్టికలో వేటగాళ్లుగా లెక్కకొస్తారు. రెండో ఏడు శాఖ పర్మిట్ల సంఖ్య పెంచితే ఆ ఉపాయం అక్కడితో సరి. ఆ ఏడాది ఓ ఎలుగు బతికింది కదా అన్నవాళ్లతో వాదించను. అయిదు డాలర్లు ఉన్నవాళ్లకు చేయదగ్గ పనే. కానీ దాన్నే ఉద్యమం అనుకుంటే, మనమే వాళ్ల కౌంటరు ముందు క్యూ కట్టినట్టు.

చెత్తబుట్ట దగ్గర

వేట పెట్టేవాళ్లకు కారణం అందించేది ఫిర్యాదుల ఫోన్లు. ఫోన్లను పుట్టించేది చాలావరకు చెత్త. కొలరాడోలోని డురాంగోలో రెండు ప్రాంతాల్లో ఇంటింటికీ ఎలుగు తెరవలేని చెత్తడబ్బాలు ఇచ్చి, ఇవ్వని ప్రాంతాలతో పోల్చి చూస్తే చెత్త గొడవలు 60 శాతం తగ్గాయి. 'ఎలుగు తెరవలేనిది' అన్నది డబ్బాకు ఊరికే తగిలించే పేరు కాదు: మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్‌లో ఒక జంతు కేంద్రంలో ఉంచిన ఎలుగుల ముందు పెట్టి గంటసేపు పరీక్షిస్తారు, లోపల తిండి పెట్టి మరీ. అవి చీల్చలేకపోతేనే ముద్ర.

పరీక్ష నెగ్గిన డబ్బా ఇళ్ల దగ్గర ఓడిపోయే తీరు వేరు. గొళ్లెం వేయరు. చెత్త బండి చేయి ఎత్తి పడేయడానికి వీలుగా గొళ్లెం ముందురోజు రాత్రే తీసి పెడతారు. డబ్బా నిండి మూత పూర్తిగా పడదు. ఒక వీధిలో నాలుగిళ్లు ఇలా చేస్తే మిగతా పదహారిళ్లు గొళ్లెం వేసినా ఎలుగు ఆ వీధికి రావడం మానదు. చలికాలానికి ముందు రోజుకు 20,000 కేలరీల దాకా తినాలని తిరిగే జంతువది, నాలుగు డబ్బాల కోసం కూడా వస్తుంది. పక్షుల గింజల డబ్బా కూడా దానికి పిలుపే. ఏప్రిల్ నుంచి నవంబరు చివరి దాకా అది లోపల ఉండాల్సిందే. మనవాళ్ల పెరళ్లలో బార్బెక్యూ గ్రిల్లు కింద నూనె గిన్నె, పూజ తర్వాత చెట్టు కింద పెట్టిన అరటిపళ్లు, కొబ్బరి చిప్పలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

అందుకని రెండో ఉత్తరం టౌన్‌షిప్ కౌన్సిల్‌కు. రాష్ట్ర కౌన్సిల్‌లా ఇక్కడ వేట క్లబ్బుల కుర్చీలు లేవు. నెలకు ఒకటి రెండు సమావేశాలు, ప్రజల కోసం మూడు నాలుగు నిమిషాల మైకు, చాలాసార్లు వచ్చేవాళ్లు అయిదుగురు. అడగాల్సింది నాలుగు: ఎలుగు కనిపించే వార్డుల్లో గొళ్లెం డబ్బా తప్పనిసరి చేస్తూ ఆర్డినెన్సు, డబ్బా ఖర్చులో కొంత టౌన్‌షిప్ భరించడం, బయట డబ్బా పెట్టే వేళ చెత్త బండి వచ్చే రోజు తెల్లవారుజామున మాత్రమే, మొదటిసారి హెచ్చరిక, రెండోసారి జరిమానా. చెత్త కాంట్రాక్టు ఎప్పుడు తిరగరాస్తారో ముందే క్లర్కును అడిగి తెలుసుకోండి. కొత్త కాంట్రాక్టు టెండరులోనే గొళ్లెం డబ్బాను ఎత్తగల బండి కావాలని రాయించకపోతే, ఆర్డినెన్సు పాసయ్యాక కాంట్రాక్టరు మా బండి చేయి ఆ డబ్బాను పట్టుకోదంటాడు. అప్పుడు ఇంకో అయిదేళ్లు ఆగాలి.